పన్నెండు బైట్ల శ్రీకారం

నేను ఒక వాక్యాన్ని. కావ్యంలోదో, కోర్టు కాగితంలోదో అనుకోకండి. కంప్యూటరులో బొమ్మలూ రంగులూ లేని నల్లటి తెర ఒకటి ఉంటుంది. మనిషి అక్కడ ఒక ముక్క రాస్తే యంత్రం బదులిస్తుంది. ఆ ముక్కను కమాండ్ అంటారు. నేను ఆ జాతి దాన్ని. ఖాళీలతో కలిపి ముప్పై రెండు అక్షరాలు నా ఒళ్లు, మనిషి నోట్లో పళ్లన్ని. పుట్టినప్పుడు ఇలా ఉండేదాన్ని:

dir | select Name, LastWriteTime

ఇక్కడున్న ఫైళ్లన్నీ బయటికి తియ్యి, కానీ ఒక్కోదాని గురించి రెండే సంగతులు చెప్పు: దాని పేరు, దాని మీద చివరగా చెయ్యి పడిన తేదీ. మిగతావి నీ దగ్గరే ఉంచుకో. ఇంతే నా అర్థం. నడుమ కనిపించే నిలువు గీత జల్లెడ పని చేస్తుంది. పైనుంచి అన్నీ పడతాయి, కిందికి కోరినవే దిగుతాయి.

నేను పుట్టింది విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో, గాజుల కొట్టు మీదున్న మేడ గదిలో. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు తయారుచేసే చిన్న లైబ్రరీ అది. అచ్చు పుస్తకాన్ని ఎవరైనా టైపు చేసి పెడితే కంప్యూటరు దాన్ని పైకి చదువుతుంది. నన్ను పుట్టించిన మజ్జి సన్యాసిరావు ఆ లైబ్రరీకి గుమాస్తా, మెకానిక్కు, మేనేజరు, అన్నీ. పదిహేడో ఏట జ్వరం వచ్చి అతని చూపు పోయింది. నేను పుట్టేనాటికి నలభై దాటాయి.

నేను లేనప్పుడు అతను మా అమ్మలాంటి dir అన్న మూడక్షరాల కమాండునే వాడేవాడు. అది ఏదీ దాచుకునే రకం కాదు. ఒక్కో ఫైలుకీ చదివే గొంతు ముందు దాని లక్షణాల గీతలన్నీ "డాష్ ఏ డాష్ డాష్ డాష్ డాష్" అని పలికి, తర్వాత తేదీ, గంట, నిమిషం, పరిమాణం చెప్పి, ఆఖరున పేరు చెప్పేది. వంశమంతా ఏకరువు పెట్టి చివర్లో పెళ్లికొడుకు పేరు చెప్పే శుభలేఖలా ఉండేది. కన్నుకి ఇది బాధ కాదు. పది చూసి తొమ్మిదింటిని అక్కడే వదిలేయగలదు. చెవికి ఆ వీలు లేదు. వరసలో ఏది వస్తే అది వినాల్సిందే.

సన్యాసిరావు భార్య పైడమ్మ పక్కగదిలో టీ కాస్తూ ఇదంతా వినేది. ఆ గొంతు ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుందని దానికి ముక్కోడు అని పేరు పెట్టింది. లైబ్రరీకి వచ్చేవాళ్లందరికీ ఆ పేరే అలవాటైంది.

"ఏటి మావా, పొద్దస్తమానం డేసు డేసు అని! ఆ ముక్కోడికి డేసులు తప్ప ఇంకోటి రాదేటి?"

ఆ మర్నాడు నేను పుట్టాను. ముప్పై రెండు అక్షరాలు ప్రతిసారీ కొట్టలేక నాకొక ముద్దుపేరు కూడా పెట్టాడు: చూపు. ఆ మాట కొడితే చాలు, నేను కదులుతాను. తెలుగులో ఆ మాట ఆజ్ఞ, చూపించమని. తనకి లేనిదాని పేరు కూడా అదే. పేరు పెట్టి అతను ఒక్కడే నవ్వుకున్నాడు. పైడమ్మ ఎందుకని అడిగితే చెప్పలేదు.

నేను వచ్చాక ఆ గదిలో మాటలు తగ్గాయి. సన్యాసిరావు నన్ను పిలవడం, నేను పేర్లూ తేదీలూ అప్పజెప్పడం, అతను తల ఊపడం. నాకు గర్వంగా ఉండేది. మనుషుల్ని గమనించడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. వాళ్లందరి దగ్గరా ఒక నిలువు గీత ఉంటుంది. చుట్టం వస్తే ముందుగది చూపిస్తారు. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంటారు. అది అబద్ధమని నేను అనను. జల్లెడలోంచి దిగింది అంతే.

లైబ్రరీలో టైపు చేసేది మంథా కనకమహాలక్ష్మి గారు. ఒకప్పుడు ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. సన్యాసిరావుకి టైపు నేర్పింది ఆవిడే. చూపు పోయిన కొడుకుని తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, ఆవిడ మిషను మీటల మీద గుడ్డ కప్పి, "ఇక్కడ కళ్లున్నవాడికీ ఇంతే. మీటలు చూసి కొట్టేవాణ్ని నేను బయటికి పంపేస్తాను. టైపుకి కళ్లతో పనిలేదురా," అందట. ఆ మాట పట్టుకునే తాను బతికి బయటపడ్డానని సన్యాసిరావు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. అలాంటి గురువు చేసిన పనిని తెరిచి సరిచూడటమంటే అతని దృష్టిలో గురువు చెయ్యి పట్టుకుని గోళ్లు చూడటంతో సమానం. ఎన్నడూ చూడలేదు. నన్ను పిలిచి పేర్లూ తేదీలూ వినేవాడు, అంతే.

ఆ దసరాకి ముందు తాడ్డి హైమావతి వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. చీపురుపల్లి అవతల పల్లె. టీచరు ఉద్యోగం పరీక్షకి చదువుతోంది. అంతకు ముందుసారి పిల్లల మనస్తత్వం పేపరులో పోయింది, ఆ పుస్తకం వినడానికి ఎక్కడా దొరకలేదు. ఈసారి దాటితే వయసు మించిపోతుంది. ఇరవై రెండు పాఠాల పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "ఇది ఒక్కటీ నా చెవిలో పడేస్తే చాలు సార్, మిగతాది నేను చూసుకుంటాను," అంది.

విజయదశమినాడు కనకమహాలక్ష్మి గారు పని ప్రారంభించింది. మంచిరోజు మొత్తం పుస్తకానికీ అందాలని ఇరవై రెండు ఫైళ్లూ ఆ ఒక్క పూటే తెరిచింది. 01 నుంచి 22 దాకా పేర్లు పెట్టి, ప్రతి దాంట్లో మొదట శ్రీ అని కొట్టి, భద్రపరిచింది. కొత్త కాగితం మీద శ్రీ లేకుండా ఆవిడ చాకలిపద్దు కూడా రాయదు. కంప్యూటరు లెక్కలో శ్రీ అంటే శ, దాన్ని విరిచే పొల్లు, ర, గుడిదీర్ఘం. నాలుగు ముక్కలు, కంప్యూటరు రాతని కొలిచే కొలతలో ముక్కకి మూడు బైట్లు. మొత్తం పన్నెండు. ఆ అంకె నాకు అప్పుడు తెలియదు. పరిమాణం చెప్పడం నా పని కాదు కదా.

పాఠాలు ఒక్కోటీ వస్తూ పోయాయి. 08 మీద కొత్త తేదీ, 11 మీద కొత్త తేదీ. మాఘమాసంలో 22 మీద కూడా కొత్త తేదీ పడింది. సన్యాసిరావు సంతోషించి, హైమని పిలిపించి, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

పరీక్షకి పద్దెనిమిది రోజులుందనగా ఒక మధ్యాహ్నం హైమ తిరిగి వచ్చింది. సన్యాసిరావు బస్సు దగ్గరికి వెళ్లి ఆమెని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. ఆ లోపల కనకమహాలక్ష్మి గారు వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. వాళ్ల మాటలు మెట్ల మీద వినబడగానే లేచి పలకరించబోయి, హైమ గొంతులో ఏదో విని, ఆగిపోయింది. ఆ గదిలో చూపున్నది ఆవిడ ఒక్కర్తికే. ఆవిడ అక్కడ ఉన్నట్టు తెలిసింది కూడా ఆవిడ ఒక్కర్తికే. ఆ క్షణం సంగతి తర్వాత ఆవిడే చాలాసార్లు చెప్పింది. అందుకే నాకు తెలుసు.

"పదిహేను దగ్గర ముక్కోడు శ్రీ అన్నాడు సార్, ఊరుకున్నాడు," హైమ అంటోంది. "నా కంప్యూటరు పోయిందేమో అనుకున్నాను. పదహారు తీశాను. శ్రీ. పదిహేడు తీశాను. శ్రీ. పూజకి కూర్చున్నట్టుంది గాని చదువుకి కూర్చున్నట్టు లేదు."

"పెన్‌డ్రైవ్‌లో ఏదో తేడా వచ్చుంటుందమ్మా. టీచరుగారు కొట్టినవి పోవడమేమిటి? నువ్వే విను."

నన్ను పిలిచాడు. నేను ఎప్పటిలాగే హుందాగా అప్పజెప్పాను. ఇరవై రెండు పేర్లు, ఇరవై రెండు తేదీలు.

"విన్నావా? అన్నీ ఉన్నాయి."

"పేర్లున్నాయి సార్. పాఠాలేవి?"

సన్యాసిరావు 15 తెరిచాడు. ముక్కోడు శ్రీ అన్నాడు. 16 తెరిచాడు. శ్రీ. అతని వేళ్లు నెమ్మదించాయి. 17, 18, 19. ఎనిమిదిసార్లు ఆ గొంతు ఏ భావమూ లేకుండా శ్రీ అని ఆగింది. ఎనిమిదోసారి తర్వాత గాజుల కొట్టులో ఎవరో డజన్లు లెక్కపెట్టడం పైకి వినబడింది.

"ఈ యంత్రం తినేసింది," అన్నాడు సన్యాసిరావు. "తేదీలున్నాయి కదా. టైపు చేశారు కాబట్టే కదా తేదీలు మారాయి! ఇదే ఎక్కడో..."

"ఒరే సన్యాసీ."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"యంత్రాన్ని అనకురా. అవి నేను చేసినవే."

మూల నుంచి ఆవిడ చెప్పుకుంటూ పోయింది. కార్తీకం నుంచే అక్షరాలు అలుక్కుపోతున్నాయట. కంట్లో శుక్లం. అచ్చులో సున్నాకీ ఠ కీ తేడా తెలియదు, ఒత్తులన్నీ చీమల్లా కదులుతాయి. పద్నాలుగో పాఠం దాకా భూతద్దం పెట్టి లాక్కొచ్చింది. తర్వాత రోజూ రావడం, ఒక ఫైలు తెరవడం, ఒక వాక్యం కొట్టడం, సరిగ్గా చదివానో లేదో తెలియక చెరిపేయడం. శ్రీ ఒక్కటీ చెరపబుద్ధి కాలేదు. లేచేముందు అలవాటుకొద్దీ భద్రపరచడం. అందుకే తేదీ మారింది.

నేను చెప్పిన తేదీలు అబద్ధాలు కావు. చెయ్యి పడిన రోజు చెప్పమన్నారు, చెప్పాను. పని జరిగిన రోజు ఎవరూ అడగలేదు. అడిగినదానికి నిజమే చెప్పాను కదా అని తప్పుకునే మనుషుల్ని ఆ గదిలో కొందరిని విన్నాను, చులకన చేశాను కూడా. ఆ మధ్యాహ్నం నేనూ వాళ్లలో చేరాను.

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా టీచరుగారూ," అన్నాడు సన్యాసిరావు. అతని గొంతు పదిహేడేళ్ల వాడిదిలా ఉంది. "నాకు తెలీనిదా ఇది?"

"నీతోనేరా అనలేనిది. కళ్లతో పనిలేదని నీకు చెప్పిందాన్ని నేను. నా కళ్లు మసకబారితే వణికిపోయాను. అంటే ఆనాడు నీకు చెప్పిన మాట నేనే నమ్మలేదన్నమాట. అది నీకు తెలిసిపోతుందని..."

సన్యాసిరావు పాతికేళ్లుగా ఊతకర్రలా పట్టుకున్న మాట అది. ఇచ్చినవాళ్లకి దాని మీద నమ్మకం లేదని తెలిసినప్పుడు మనిషి ఏం చేస్తాడు? కర్రని పారేస్తాడా? అతను మీటల మీద చేతులు పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు. కొట్టలేదు, తీయలేదు. వేళ్లు మాత్రం వాటి చోట్లలో అవి సరిగ్గా ఉన్నాయి. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా ఆ మాట అతని విషయంలో నిజమై కూర్చుంది. బహుశా అదే అతనికి తట్టింది. "మీరు నమ్మకపోతే ఏటి టీచరుగారూ, నాను నమ్మీసేను," అన్నాడు. ఎప్పుడూ దిద్దుకుని మాట్లాడే మనిషి, ఆ ఒక్కసారి ఇంటి భాషలో పడ్డాడు.

టీ గ్లాసులతో వచ్చిన పైడమ్మ గుమ్మంలోనే అంతా వింది.

"బాగుందమ్మా సంబరం! ఇద్దరు కళ్లు లేనోళ్ల మజ్జిన కూకోని కళ్లు కనపడవని దాస్తారేటి మాస్టరమ్మా! ఎవుల కాడ దాయాలో కూడా తెలీదా మీకు?"

అందరికంటే ముందు కనకమహాలక్ష్మి గారే నవ్వింది. హైమ నవ్వలేదు.

"మీ బాధ నాకర్థమవుతాది టీచరుగారూ. నా పరీక్షకి అర్థం కాదు. పద్దెనిమిది రోజులుంది."

అలా అనడం మోటుగా ఉందని పైడమ్మ ముఖం చిట్లించిందట. నాకైతే ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. జల్లెడ లేకుండా మాట్లాడింది. మళ్లీ హైమే అడిగింది.

"మీకు పుస్తకంలో అక్షరాలు కనబడవు, సరే. మీటలు కనబడాలా?"

"మీటలా!" ఆవిడ కుర్చీలో నిటారుగా అయింది. "మీటలు నేనెప్పుడు చూశానే?"

"అయితే ఎవరైనా చదివితే కొడతారు కదా."

చదవడానికి కళ్లున్న మనిషి ఆ గదిలో ఒక్కర్తే మిగిలింది. పైడమ్మ పదో తరగతి దాకా చదివింది, ఆ తర్వాత కరపత్రాలు తప్ప ఏమీ చదవలేదు. "నానా? నా నోరు తిరగదు బాబూ," అంటూనే పుస్తకం తీసుకుని పదిహేనో పాఠం వెతికింది.

"సిసువు... ఇకాస... దసలు."

"శిశువు అనవే. శి."

"నానూ అదే అన్నాను కదా. సిసువు."

కనకమహాలక్ష్మి గారు కళ్లు మూసుకుని శిశు వికాస దశలు అని కొట్టింది. చెవిలో ఏది పడినా చేతిలోంచి వచ్చేది శుద్ధంగానే వచ్చింది. అదొక వింత. పలికేవాళ్లకి శ లేదు, రాసేవాళ్లకి కళ్లు లేవు, వినేవాళ్లు అచ్చు అక్షరం ఎన్నడూ చూడలేదు. పాఠం మాత్రం తప్పులేకుండా తయారవుతోంది.

పూర్తిగా తప్పులేకుండా కాదులెండి. ఆ సాయంత్రమే సన్యాసిరావు మొదటిసారిగా గురువుగారి పని తెరిచి విన్నాడు. చాలాసేపు నసిగి, "టీచరుగారూ, రెండో పేరాలో ఒక దీర్ఘం పోయింది," అన్నాడు.

"పోతే పోనీరా."

"పోనీకూడదని మీరే కదా వేళ్ల మీద స్కేలుతో కొట్టారు."

ఆవిడ దిద్దింది. దిద్దుతూ ఎంత సంతోషించిందో ఆ మీటల చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది. తన పనిని ఎవరూ సరిచూడకపోవడం గౌరవమని అందరూ అనుకున్నారు. ఆవిడకి అది ఒంటరితనంగా ఉండేదని నాకు అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున సన్యాసిరావు నన్ను తెరిచాడు. తెరవడమంటే నా ముప్పై రెండు అక్షరాల చివర కర్సరు పెట్టడం. ఒక కామా, ఒక ఖాళీ, ఆపైన ఆరక్షరాలు చేర్చాడు. Length. ఫైలు ఎన్ని బైట్లు ఉందో చెప్పే మాట. ముప్పై రెండు పళ్లున్న నోటికి ఇంకో ఎనిమిది మొలిచినట్టయింది. కొత్తలో ఒళ్లు బరువుగా ఉండేది, ముక్కోడికీ చదవడం ఎక్కువైంది. అయితే ఆ బరువు నాకు నచ్చింది. మొత్తం చెప్పేయడం మా అమ్మ పద్ధతి. అది ఎవరూ భరించలేరు. మరీ తక్కువ చెబితే నాలా అవుతుంది. ఏది వదిలేయాలో నిర్ణయించుకోవడం ఒక్కసారితో తీరే పని కాదు, మధ్యమధ్య తెరిచి చూసుకోవాలి. మనుషులు తమ విషయంలో ఇది ఎందుకు చేయరని అడిగే అర్హత నాకు లేదు. నన్ను కూడా ఇంకొకరే తెరిచారు.

ఆ పదిహేను రోజులూ పొద్దున పది నుంచి నాలుగు దాకా ఆ గది ఒక మిల్లులా నడిచింది. పైడమ్మ చదివేది, ఆవిడ కొట్టేది, సన్యాసిరావు వినేవాడు. హైమ పక్కనే కూర్చుని తయారైన పాఠాన్ని వేడివేడిగా చెవిలో వేసుకునేది. రోజూ చివర నన్ను పిలిచేవాళ్లు. మొదటిరోజు పదిహేనో పాఠానికి ఇరవై తొమ్మిది వేల పైచిలుకు, మిగతా ఏడింటికీ పన్నెండు, పన్నెండు, పన్నెండు. మూడోరోజుకి ఒక పన్నెండు తగ్గింది. ముక్కోడు పన్నెండు అనగానే పైడమ్మ "దీని దుంప తెగ!" అని తిట్టేది. పన్నెండు ఆ గదిలో తిట్టుమాట అయిపోయింది.

పందొమ్మిదో పాఠం దగ్గర హైమ అందరినీ ఆపింది. పైడమ్మ అప్పుడే ఒక వాక్యం చదివింది: రెండో నెలలో శిశువు తల్లి ముఖం చూసి నవ్వుతుంది.

"నేనెలా నవ్వానో?" అంది హైమ, ఎవరినీ అడగనట్టు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి తల్లిని అడిగి మర్నాడు వచ్చి చెప్పింది. "గాజుల చప్పుడికట సార్. అమ్మ ఉయ్యాల దగ్గరికొచ్చి గాజులు కదిపితే నవ్వేదాన్నట. రెండో నెలలోనే. ఏమీ ఆలస్యం కాలేదు." ఆపైన, "పుస్తకంలో మన గురించి ఒక్క పేరా ఉంది. ఆ పేరాలో కూడా మనకి లేనివే రాశారు," అంది.

"అయితే ఉన్నవి నువ్వు రాయవే," అంది కనకమహాలక్ష్మి గారు, చేతులు మీటల మీంచి తీయకుండానే. "ముందు పరీక్ష రాసి చావు. తర్వాత అది రాయి."

పరీక్షకి మూడు రోజుల ముందు నేను ఇరవై రెండు పేర్లు చదివాను. ఒక్క పన్నెండు కూడా లేదు. పైడమ్మ కింద కొట్టులోకి వెళ్లి నలుగురికీ ఆ సంగతి చెప్పి వచ్చింది, వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ప్రతి పాఠం మొదట ఉన్న శ్రీని తీసేయనా అని సన్యాసిరావు హైమని అడిగాడు, ముక్కోడు ఇరవై రెండుసార్లు చదవడం విసుగని.

"ఉండనీయండి సార్. దాని తర్వాత ఏదో ఉందని ఇప్పుడు తెలుసు కదా."

హైమ పరీక్ష రాసింది. పిల్లల మనస్తత్వం పేపరు బాగా రాశానని మాత్రం చెప్పింది. ఫలితాలు ఇంకా రాలేదు. కనకమహాలక్ష్మి గారు కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో మెట్లెక్కింది. పైడమ్మ చేయి పట్టుకోబోతే, "ఉండవే, మెట్లు కనబడుతున్నాయి," అని కసిరింది. కొత్త కంటితో అచ్చు పుస్తకం తిరగేసి, "ఇంత లావున శిశువు అని ఉంటే ఆఖరిదాకా సిసువనే చదివావటే?" అని అడిగిందట.

"నానూ అదే అన్నాను కదా," అంది పైడమ్మ.

హైమ తన ల్యాప్‌టాప్‌లోకి నన్ను కూడా ఎక్కించుకుంది. కాబట్టి ఇప్పుడు నేను రెండు చోట్ల ఉన్నాను. నాలాంటివాటికి అది కష్టం కాదు. మ్యూజియానికీ పాతసామాన్ల కొట్టుకీ వెళ్లే యోగం నాకు లేదు. ఎవరూ పిలవని రోజు వస్తుంది, అంతే. అది ఇంకా రాలేదు.

నిన్న హైమ ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ గదికి వచ్చింది. నలుగురూ ఉన్నారు. టీ వచ్చింది. ఫలితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. హైమ ఏమీ చెప్పకుండా బల్ల మీద మిషను తెరిచి, చూపు అని కొట్టింది. నేను మొదలుపెట్టాను. 01, తేదీ, యాభై వేలు. 02. 03. సన్యాసిరావు తల ఊపుతూ విన్నాడు. 22 దగ్గర అయిపోయిందనుకుని టీ గ్లాసు అందుకోబోయాడు.

అయిపోలేదు. అచ్చు పుస్తకంలో లేని పేరు ఇంకొకటి ఉంది. ముక్కోడు దాన్ని కూడా మిగతావాటిలాగే, ఏ భావమూ లేకుండా చదివాడు.

23. నిన్నటి తేదీ. పన్నెండు.

పైడమ్మ తిట్టలేదు.